పేరు లాకెట్‌తో పేటలు పేటలుగా గొలుసులు: దారం కొలత నుంచి కొక్కెం దాకా

తిరుపతి గాంధీ రోడ్డులో గానీ చిత్తూరు బజారు వీధిలో గానీ పేరు లాకెట్ చేయించుకోవడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేవి రెండు. ఎన్ని గ్రాములవుతుంది, ఎన్నాళ్లకు ఇస్తారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. మెడలో ఇప్పటికే ఉన్న గొలుసుల మధ్య ఈ పేరు ఎక్కడ నిలుస్తుంది? అది తేలకుండా చేయిస్తే పేరు పోయి నల్లపూసల కింద దాక్కుంటుంది, లేదా శ్రీవారి డాలరుతో రోజంతా గుద్దుకుంటూ ఉంటుంది. ఆ తర్వాత అది పెట్టెలోకి వెళ్లిపోతుంది.

పేటలు పేటలుగా నగ వేసుకోవడం మనకు కొత్త కాదు. కంటె, దాని కింద నక్లీసు, ఆ కింద కాసులపేరు, అన్నిటికంటే దిగువన చంద్రహారం వేసేవాళ్లు. ఒక్కో నగకు మెడ మీద ఒక్కో చోటు ఉండేది. సన్న గొలుసులకూ అదే పద్ధతి. కాకపోతే సన్నవాటిలో కొలత అర అంగుళం తప్పినా తెలిసిపోతుంది.

ముందు ఉన్నవాటిని లెక్కేయండి

తాళి గొలుసును చాలామంది నగల లెక్కలో వేయరు. పొడవు సాధారణంగా 24 నుంచి 30 అంగుళాలు ఉంటుంది. చీర కట్టినప్పుడు లోపలికి పోయినా మెడ పక్కన రెండు వైపులా కనిపిస్తుంది, కాబట్టి అదొక పేట. నల్లపూసలు పొట్టివైతే 16–18 అంగుళాలు, పొడవువైతే 24 పైమాటే. అది రెండో పేట. రోజూ డాలరు వేసుకునే అలవాటుంటే మూడు. వీటికి పేరు లాకెట్ కలిపితే నాలుగవుతుంది. రోజువారీకి నాలుగు ఎక్కువే. తాళి కాకుండా పైకి కనిపించేవి రెండు, మరీ ముచ్చటైతే మూడు చాలు.

ఇంకో మాట. కనిపించే పేటల్లో చదవాల్సిందీ చూడాల్సిందీ ఒక్కటే ఉండాలి. పేరు ఒక పేటలో, మొదటి అక్షరం ఇంకో పేటలో, రాశి గుర్తు మూడోదాంట్లో వేలాడితే దేని మీదా కన్ను నిలవదు. పేరు ఉన్న పేట పక్కన ఉత్తి గొలుసు గానీ, చిన్న గుండ్ల గొలుసు గానీ, ఒకే ఒక్క బిళ్ల ఉన్న డాలరు గానీ సరిపోతుంది.

దారంతో కొలత

అంగడికి వెళ్లే ముందే ఇంట్లో ఈ పని చేసుకోండి. కావాల్సినవి సాగని నూలు దారం, టేపు, పిన్నీసులు, కాస్త మందపాటి అట్ట.

1. మెడ మొదట్లో, గొంతు గుంట పైనుంచి టేపు చుట్టి కొలవండి. వేలు దూరేంత వదులు ఉండాలి. ఈ కొలతకు 2 అంగుళాలు కలిపితే వచ్చేదే మీరు హాయిగా వేసుకోగల అతి పొట్టి గొలుసు. మెడ 14 అంగుళాలైతే 16 అన్నమాట. మెడ 15 ఉన్నవాళ్లు 16 అంగుళాలది కొంటే ఊపిరాడనట్టే ఉంటుంది.

2. 16, 18, 20, 22, 24 అంగుళాల చొప్పున దారాలు కత్తిరించి, ముడికి పోయేది విడిగా వదిలి, ఒక్కొక్కటే మెడలో వేసి చూడండి.

3. అట్టతో లాకెట్ అసలు సైజులో కత్తిరించి దారానికి కట్టండి. వెనక ఒక రూపాయి బిళ్ల అంటిస్తే బరువుకు దారం సరిగ్గా దిగుతుంది.

4. ఎక్కువగా వేసుకునే జాకెట్టు, చుడీదార్ తొడుక్కుని చూడండి. నిలబడి ఒకసారి, కూర్చుని ఒకసారి, వంటగట్టు దగ్గర వంగినట్టు వంగి ఒకసారి. వంగినప్పుడు రెండు లాకెట్లు ఒకదాని మీద ఒకటి పడుతుంటే మధ్యలో పొడవు చాలలేదని అర్థం.

5. నచ్చిన దారాలను కొలిచి, పేట పొడవు, లాకెట్ ఎత్తు కాగితం మీద రాసుకోండి. ఆ దారాలనే అంగడికి పట్టుకెళ్లండి. నోటితో చెప్పిన కొలత కన్నా దారం నయం.

అందరూ తప్పేది ఎక్కడంటే, గొలుసు 2 అంగుళాలు పెరిగితే అది కిందికి దిగేది సుమారు ఒక్క అంగుళమే. పెరిగిన పొడవు మెడకు రెండు వైపులా పంచుకుంటుంది కదా. అందుకే 16, 18, 20 అని వరసగా కొన్నవాళ్లకు అన్నీ గుంపుగా కనిపిస్తాయి.

లెక్క ఇలా వేయండి. పై పేటలో 10 మి.మీ. ఎత్తున్న పేరు 16 అంగుళాల గొలుసులో ఉంది. కింది పేట 18 అంగుళాలైతే అది ఒక అంగుళం, అంటే 25 మి.మీ. కిందుంటుంది. పేరు ఎత్తు తీసేస్తే మిగిలే సందు 15 మి.మీ. బాగుంటుంది. అదే పై పేటలో 18 మి.మీ. డాలరు, దాని పైన 5 మి.మీ. రింగు ఉంటే మొత్తం 23 మి.మీ. కింది పేటకు మిగిలే సందు 2 మి.మీ. మాత్రమే. డాలరు అంచు కింది గొలుసును రాసుకుంటూనే ఉంటుంది. అలాంటప్పుడు తర్వాతి పేట పై పేట కన్నా 4 అంగుళాలు ఎక్కువ పొడవుండాలి.

రెండు చివర్లా రింగులు వేసి గొలుసుకే అతికే పేరైతే ఇంకో చిక్కుంది. పేరు వెడల్పు కూడా గొలుసు పొడవులోకే వస్తుంది. 30 మి.మీ. పేరుతో కలిపి మొత్తం 16 అంగుళాలు కావాలంటే రెండు వైపులా గొలుసు, కొక్కెంతో కలిపి, 7.4 అంగుళాల చొప్పున ఉండాలి. “పదహారు” అంటే పేరుతో కలిపా, పేరు కాకుండానా అన్నది రాయించుకోండి. లేకుంటే చేతికొచ్చేది పదిహేడుకు పైనే ఉంటుంది.

తెలుగు అక్షరాల్లో పేరు

ఇంగ్లీషు అక్షరాల్లో పేరు కత్తిరించడం సులువు, కలిపిరాతలో ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. హిందీకి పైన గీత ఉంటుంది. మన అక్షరాలు దేనికది విడి. పైగా ఒకే అక్షరంలో కూడా ముక్కలుంటాయి. ప, స, హ, ష రాసి చూడండి. అచ్చు రాతలో తలకట్టు అక్షరం ఒంటికి తగలకుండా గాల్లో ఉంటుంది. రేకులోంచి లేజరుతో కత్తిరిస్తే ఆ తలకట్టు విడిపోయి కింద పడుతుంది.

‘సహస్ర’ పేరే తీసుకోండి. మూడక్షరాలే. కానీ మూడు ఒంట్లు, మూడు తలకట్లు, క్రావడి (ర-ఒత్తు) అక్షరానికి తగలని అచ్చు రాతైతే అదింకొకటి. మొత్తం ఏడు ముక్కలు. వీటన్నిటినీ ఒకటి చేయాలి. అందుకు మూడు దారులున్నాయి.

మొదటిది అక్షరాలను లావు చేయించడం. గీత చుట్టూ 0.3 మి.మీ. పెంచితే తలకట్టు ఒంటికి అతుక్కుంటుంది, పక్కపక్క అక్షరాలు కూడా కలుస్తాయి. చూడ్డానికి ఇదే అందం. రెండోది అక్షరాల వెనక, కింది మూడో వంతులో 1 మి.మీ. పట్టీ వేయడం. గట్టిగా ఉంటుంది కానీ కొట్టేసిన రాతలా కనిపించే ప్రమాదముంది. పట్టీ అక్షరం నడుమ నుంచి పోకుండా చూసుకోవాలి. మూడోది పలక మీద పేరు చెక్కించడం. ఒత్తులు ఎక్కువున్న పేర్లకు ఇదే మేలు.

థ, ఠ లోపలి చుక్కను మరిచిపోవద్దు. చుట్టూ ఖాళీ, మధ్యలో చుక్క. పట్టుకునేది ఏమీ లేదు కాబట్టి అది రాలిపోతుంది. ఠ కాస్తా ర లాగా చదువుతారు. చుక్కను ఒక పక్క గోడకు అతికేట్టు గీయించాలి.

ఎత్తు విషయంలో ఒత్తులదే పెత్తనం. ‘పద్మ’లో మ-ఒత్తు కిందికి దిగుతుంది. మొత్తం ఎత్తు 8 మి.మీ. అని చెబితే అందులో ఒత్తు వాటా పోగా అసలు అక్షరానికి మిగిలేది ఇంచుమించు 5 మి.మీ. ఎదుటి మనిషి చదవలేడు. ఒత్తున్న పేరుకు మొత్తం ఎత్తు 12 మి.మీ. దాకా పోనివ్వండి, ఒత్తు లేని ‘లత’, ‘రమ’ లాంటివాటికి 8 చాలు. గీత మందం ఎక్కడా 1 మి.మీ.కి తగ్గకూడదు, రేకు 0.8 మి.మీ. ఉండాలి. ‘వేంకటేశ్వర్లు’ లాంటి పేరును పూర్తిగా పెట్టించాలని పట్టుబడితే వచ్చేది పేరు కాదు, కంచె. ఇంట్లో పిలిచే పేరు పెట్టించండి.

రింగులు ఎక్కడ అతకాలన్నది అంగడివాళ్లకే వదిలేయకండి. పేరు ఎత్తులో పై మూడో వంతులో ఉండాలి. అంతకన్నా కిందికి వస్తే లాకెట్ ముందుకు వాలి అక్షరాలు నేలను చూస్తాయి. ‘శ్రీలత’ లాంటి పేర్లలో ఎడమ వైపు బరువెక్కువ, గొలుసంతా అటే జారుతుంది. తేలికగా ఉన్న వైపు రింగును కాస్త మధ్యకు జరిపితే సరిపోతుంది. అసలు సైజు కాగితం ముద్రణను మందపాటి అట్టకు అంటించి కత్తిరించి, రెండు చోట్ల సూదితో గుచ్చి దారానికి వేలాడదీస్తే వంకర అక్కడే తెలిసిపోతుంది. ఈ కాగితం మీదే అక్షరదోషాలు చూసి సంతకం పెట్టి ఇవ్వండి. దీర్ఘం పోయిందని బంగారం కోశాక చెప్పుకునేదేముంది?

బంగారం, బరువు, ముద్ర

పైన చెప్పిన కొలతల్లో, 30 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. ఎత్తున్న పేరు 22 క్యారెట్లలో దాదాపు 2 గ్రాములవుతుంది. రింగులు, గొలుసు వేరు. ఎవరైనా ఇదే సైజు గ్రాములోపు చేసిస్తామంటే రేకు పల్చన చేస్తున్నారని అర్థం. అది ఒకసారి చున్నీకి తగులుకుంటే వంగిపోతుంది.

22 క్యారెట్లు మెత్తన. గొలుసుకు పర్వాలేదు గానీ సన్నటి అక్షరాలకు 18 క్యారెట్లు గట్టిగా నిలుస్తాయి. కానీ రంగు పాలిపోయినట్టు ఉంటుంది, 22 క్యారెట్ల గొలుసుకు అతికితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పేరు 18లో చేయిస్తే దాని గొలుసు కూడా 18లోనే తీసుకోండి. తాళి, డాలరు 22లో ఉన్నా వేరే పేటలు కాబట్టి అంత తెలియదు.

హాల్‌మార్కులో మూడు ఉండాలి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, స్వచ్ఛత, అంకెలూ అక్షరాలూ కలిసి ఆరుండే హెచ్‌యూఐడీ అనే గుర్తింపు నంబరు. స్వచ్ఛత 22కు 916, 18కి 750. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. 2 గ్రాముల లోపు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి కాదు. మన పేరు లాకెట్ సరిగ్గా ఆ గీత దగ్గరే ఉంటుంది. ముద్ర లేకపోతే బిల్లులో క్యారెట్, నికర బరువు, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకోండి. “కేడీఎం బంగారం” అని ఇప్పటికీ అంటుంటారు, అది స్వచ్ఛత ముద్ర కాదు. టంకంలో కాడ్మియం కలిపే పాత పద్ధతి పేరు అది. ఆ పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకు చేటు.

చిన్న నగకు బరువుతో పోలిస్తే మజూరీ ఎక్కువ పడుతుంది, అందులో వింతేమీ లేదు. గుర్తుపెట్టుకోవాల్సింది, పేరున్న నగను ఇంకొకరు కొనరు. తిరిగి ఇస్తే కరిగించే బంగారం ధరే వస్తుంది. మనసు మారే అవకాశముంటే మొదట 92.5 వెండిలో చేయించి ఆరు నెలలు వేసుకుని చూడండి.

శ్రీవారి డాలర్లు తిరుమలలో దేవస్థానమే అమ్ముతుంది, బంగారంలో 2, 5, 10 గ్రాముల్లో. దాన్ని పేటల్లో కలుపుతుంటే గొలుసు కనీసం డాలరంత బరువైనా ఉండాలి. 5 గ్రాముల డాలరును 3 గ్రాముల గొలుసుకు వేస్తే రింగు రాసుకునే చోట గొలుసు కడియాలు (లింకులు) అరిగి ఏదో ఒక రోజు తెగుతుంది. బోలు గొలుసైతే ఇంకా తొందర. డాలరు రింగులోంచి గొలుసు కొక్కెం దూరుతుందో లేదో కొనేముందే చూడండి. దూరదని ఇంటికొచ్చాక తెలిసి మళ్లీ ఆచారి దగ్గరికి పరిగెత్తేవాళ్లు ఎందరో.

ఏ గొలుసు పక్కన ఏది

చిక్కుపడటానికి మొదటి కారణం ఒకే బరువు, ఒకే రకం గొలుసులు పక్కపక్కన ఉండటం. నడుస్తుంటే రెండూ ఒకేలా ఊగి ఒకదాని చుట్టూ ఒకటి మెలితిరుగుతాయి. పైన సన్నది, కిందికి పోయేకొద్దీ బరువైనది ఉంచండి. బరువున్న డాలరు కింది గొలుసును నిటారుగా లాగి పట్టుకుంటుంది.

పేరుకు సన్న కేబుల్ గొలుసు (మామూలు కడియాలది) గానీ బాక్స్ చైను (చదరపు కడియాలది) గానీ బాగుంటుంది. పక్క పేటకు రోప్ చైను (తాడులా మెలితిరిగినది), గుండ్ల గొలుసు వంటి వేరే రకం తీసుకోండి. రెండు రోప్ చైన్లు పక్కపక్కన వద్దు, మెలికలు ఒకదాన్నొకటి కొరుకుతాయి. పాములా నున్నగా ఉండే స్నేక్ చైను మీద ఇంకోటి చిక్కుకుని లాగితే మడత పడుతుంది, ఆ మడత మళ్లీ పోదు. స్టీలు గొలుసు, గట్టి పూతనగలు 22 క్యారెట్లకు ఆనుకుని ఉండకూడదు. అరిగేది మెత్తని బంగారమే.

కొక్కెం ముందుకు జారిపోవడం రెండో కారణం. సన్న గొలుసుకు బరువైన కొక్కెం పెడితే అది తిరుగుతూ ముందుకొచ్చేస్తుంది. రెండు మూడు గొలుసులను వెనక ఒకే పట్టీకి కలిపే క్లిప్పు దొరుకుతుంది, చాలావరకు అది నయం చేస్తుంది. అయస్కాంతంతో పట్టే రకాన్ని మాత్రం బంగారానికి వాడకండి, చిన్న లాగుడుకే ఊడుతుంది. వెనక 2 అంగుళాల అదనపు గొలుసు పెట్టించుకుంటే ఒకే పేరును 16లోనూ 18లోనూ వేసుకోవచ్చు.

ఇక తాళికి వేలాడే పిన్నీసులు. ఇళ్లలో అది అలవాటే, ఎప్పుడు ఏ అవసరమొస్తుందో తెలియదు. కానీ సన్న గొలుసు కడియం పిన్నీసు తలలో ఇరుక్కుందంటే తెగేదాకా వదలదు. పేరు గొలుసు వేసే రోజు పిన్నీసులను కొంగు లోపలికి మార్చండి.

వేసుకునే తీరు

చీర కట్టి, భుజం మీద పిన్ను పెట్టాకే పైపేటలు వేయండి. లేకపోతే పిన్ను గొలుసు మీదుగా పడుతుంది. పొట్టి గొలుసు ముందు, పొడవుది తర్వాత. తీసేటప్పుడు పొడవుది ముందు. జడలో పూలు పెట్టుకుంటే గొలుసుల తర్వాత పెట్టండి, కనకాంబరాల దారం కొక్కెంలో పడితే విడదీయడం పెద్ద పని.

పేరు పూర్తిగా ఒంటి మీదైనా పడాలి, పూర్తిగా బట్ట మీదైనా పడాలి. జాకెట్టు మెడ అంచు మీద సగం సగం నిలిస్తే పైపింగుకు తగులుకుని బోర్లా పడుతూ ఉంటుంది. లోతు మెడ జాకెట్టుకు 16–18 అంగుళాలు ఒంటి మీద నిలుస్తాయి. బోట్ నెక్, కాలరు ఉన్నవాటికి పేరును 22 అంగుళాలకు దించి బట్ట మీదికి తేవాలి. పెద్ద జరీ అంచున్న పట్టుచీరకు సన్న పేరు ఆనదు, ఆ రోజు దాన్ని లోపల వేసుకోండి లేదా ఇంట్లో ఉంచండి. శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మలే మాట్లాడతాయి, పేరుతో పాటు ఒక్క ఉత్తి గొలుసు చాలు, రాళ్లు వద్దు. సాదా నేత చీర, ఒకే రంగు చుడీదార్, వీటి మీదే పేటలు నిజంగా పండుతాయి.

అలిపిరి మెట్లు 3,550. ఎండాకాలం ఎక్కేటప్పుడు చెమటకు సన్న గొలుసులు ఒంటికి అతుక్కుని ముడులు పడతాయి, క్యూలో తోపులాటకు పేరు వంగుతుంది. నడకదారిన వెళ్లేవాళ్లు తాళి తప్ప మిగతావి ఇంట్లో పెట్టడం మంచిది. చంటిపిల్లలకు పేరు గొలుసు ముచ్చటే గానీ నిద్రపుచ్చే ముందు తీసేయాలి, గొంతుకు బిగుసుకునే ప్రమాదముంది.

చిక్కు పడితే, మెరుపు తగ్గితే

ముడిని లాగకండి. ముందు కొక్కెం విప్పి, తెల్ల కాగితం మీద పరిచి, ముడి మీద కొబ్బరినూనె ఒక్క చుక్క వేయండి. రెండు సూదులు ముడి మధ్యలో దూర్చి మెల్లగా ఎడం చేయాలి. వదులయ్యాక గోరువెచ్చని నీళ్లతో నూనె కడిగేయండి.

మురికికి గోరువెచ్చని కుంకుడు రసంలో పది నిమిషాలు ఉంచి, పిల్లల మెత్తని బ్రష్‌తో రుద్దితే చాలు. అక్షరాల మూలల్లో పసుపు, కుంకుమ, పౌడరు పేరుకుంటాయి, వెనక వైపు నుంచి రుద్దండి. టూత్‌పేస్టు వద్దు, గీతలు పడతాయి. ముత్యాలు, లక్క మీద పొదిగిన కెంపులు ఉంటే నానబెట్టకుండా తడిబట్టతో తుడవాలి. వెండి పేరు నల్లబడితే కంగారు పడొద్దు, గాలిలోని గంధకం పని అది, వెండి తుడిచే బట్టతో పోతుంది. రబ్బరు బ్యాండు చుట్టి దాస్తే మాత్రం ఇంకా త్వరగా నల్లబడుతుంది.

దాచేటప్పుడు ఒక్కో గొలుసుకు ఒక్కో చిన్న జిప్ కవరు వాడండి. కొక్కెం పెట్టి, కొక్కెం ఉన్న కొస అంగుళం మేర బయటికి ఉంచి జిప్ మూయాలి. లోపల గొలుసు కదలదు, ముడి పడదు.